మొదటి కీమో ఎక్కక ముందే అడగవలసిన మాట

మీ ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలింది. బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వరండాలో కూర్చున్న గంటలో మీ మనసులో ఉండేవి రెండే ప్రశ్నలు. మనిషి దక్కుతాడా? డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాని మూడో ప్రశ్న ఒకటి ఉంది. అది ఆ రోజున ఎవరికీ గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చినా నోటికి రాదు. "ఈ మందుల వల్ల మా బిడ్డకు రేపు పిల్లలు పుట్టే అవకాశం పోతుందా? పోయేటట్లయితే ముందుగానే ఏదైనా చేసుకోవచ్చా?"

ఈ వ్యాసం ఆ మూడో ప్రశ్న గురించి. నేను నర్సుగా పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మొదటి ఏళ్లలో నేను పనిచేసిన ఒక వార్డుకు ఇరవై రెండేళ్ల కుర్రాడు వచ్చాడు. వెల్డింగు పని చేసేవాడు. వృషణంలో క్యాన్సర్. ఆపరేషన్ చేసి ఒక వృషణం తీసేశారు, తరువాత కీమో ఇచ్చారు. ఆ జబ్బు మందులకు బాగా లొంగుతుంది. కుర్రాడు పూర్తిగా కోలుకున్నాడు. కొన్నేళ్ల తరువాత పెళ్లి చేసుకుని భార్యతో కలిసి వచ్చాడు. చేతిలో వీర్య పరీక్ష రిపోర్టు. అందులో కణాలు సున్నా. "సిస్టర్, ఇలా అవుతుందని అప్పుడే చెప్పి ఉంటే ఏదైనా చేసుకుందుం కదా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. మామూలుగానే అడిగాడు. అతనికి మొదటి సెలైన్ ఎక్కించింది నేనే. ఆ రోజు నాకు ఆ సంగతి తెలియక కాదు. పెళ్లి కాని కుర్రాడి దగ్గర, పక్కన తండ్రి నిలబడి ఉండగా, ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక ఊరుకున్నాను. డాక్టరుగారు చెప్పి ఉంటారులే అనుకున్నాను. డాక్టరుగారేమో కౌన్సెలింగులో చెప్పి ఉంటారు అనుకుని ఉంటారు. చివరికి ఎవరూ చెప్పలేదు.

అందుకే ఇప్పుడు మీకు ముందుగా చెబుతున్నాను.

మందులకూ సంతానానికీ సంబంధం ఏమిటి?

క్యాన్సర్ కణాలు ఆగకుండా వేగంగా పెరుగుతూ పోతాయి. వేగంగా విభజన చెందే కణాలను చంపడమే చాలా కీమో మందుల పని. అయితే మందుకు తన పర తేడా తెలియదు. వేగంగా పెరిగే మంచి కణాలు కూడా దెబ్బతింటాయి. జుట్టు రాలడం, నోట్లో పుండ్లు పడటం, రక్తకణాలు తగ్గడం అందుకే. జుట్టు మళ్లీ వస్తుంది. నోరు మానుతుంది. సంతాన బీజాల సంగతి మాత్రం అలా కాదు.

మగవారిలో వీర్యకణాలు యుక్తవయసు నుంచి నిత్యం తయారవుతూనే ఉంటాయి. ఒక కణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. వాటిని పుట్టించే మూలకణాలు మిగిలి ఉంటే, చికిత్స అయిన కొంతకాలానికి ఉత్పత్తి మళ్లీ మొదలవుతుంది. కొందరికి ఒకటి రెండేళ్లలో వస్తుంది. కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. మూలకణాలే పోతే ఇక ఎప్పటికీ రాదు.

ఆడవారి లెక్క వేరు. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన అండాలన్నీ వెంట తెచ్చుకుంటుంది. పుట్టుకతో సుమారు పది నుంచి ఇరవై లక్షలు ఉంటాయి. పెద్దమనిషి అయ్యే నాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. కొత్తగా తయారు కావడం అంటూ ఉండదు. బ్యాంకులో వేసిన సొమ్ము తీసుకోవడమే గాని మళ్లీ వేసేది లేదన్నమాట. కీమో ఆ నిల్వలో ఒక్కసారిగా పెద్ద భాగం ఖర్చు చేసేస్తుంది. వయసు పెరిగేకొద్దీ నిల్వ ముందే తగ్గి ఉంటుంది కాబట్టి, ఒకే మందు ఇరవై అయిదేళ్ల అమ్మాయికి చేసే నష్టం కన్నా ముప్పై ఎనిమిదేళ్ల స్త్రీకి చేసే నష్టం ఎక్కువ.

ఏ చికిత్సలో ఎంత ప్రమాదం?

అన్ని మందులూ ఒక్కలాంటివి కావు. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, ప్రోకార్బజిన్, బుసల్ఫాన్, మెల్ఫలాన్ వంటి మందుల వల్ల ప్రమాదం ఎక్కువ. అందులోనూ మొత్తం మోతాదు పెరిగేకొద్దీ పెరుగుతుంది. సిస్‌ప్లాటిన్ వల్ల ఒక మాదిరి ప్రమాదం. విన్‌క్రిస్టిన్, మిథోట్రెక్సేట్, ఫైవ్ ఎఫ్‌యూ వంటి వాటి వల్ల తక్కువ. ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే భారీ మోతాదులో చాలామందికి సంతాన సామర్థ్యం పోతుంది.

రేడియేషన్, అంటే మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారే, అది శరీరంలో ఎక్కడ పెడుతున్నారన్నదే ముఖ్యం. చేతికో కాలికో పెడితే ఈ భయం లేదు. పొత్తికడుపుకు పెట్టినప్పుడు అండాశయాలకు కిరణాలు తగులుతాయి. అండాశయానికి 2 గ్రే మోతాదు చేరినా దాదాపు సగం అండాలు నశిస్తాయి. గర్భసంచికి తగిలితే అది సాగే గుణం తగ్గి, తరువాత గర్భం నిలవడం కష్టమవుతుంది. తలకు పెట్టినప్పుడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గవచ్చు. ఆపరేషన్‌లో గర్భసంచి గాని, రెండు అండాశయాలు గాని, రెండు వృషణాలు గాని తీసేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అందువల్ల "క్యాన్సర్ వస్తే ఇక పిల్లలు పుట్టరు" అన్న మాట తప్పు. "ఏమీ కాదులే" అన్న మాటా తప్పే. మీ మనిషికి ఏ మందు ఇస్తున్నారు, ఎంత మోతాదు, ఏ వయసు అన్న మూడింటిని బట్టి చెప్పవలసిన విషయం ఇది. ఆ మూడూ తెలిసినవారు మీ క్యాన్సర్ డాక్టరే.

మగవారికి ఒక్క రోజు పని

అన్నింటికన్నా సులువైనది, చవకైనది వీర్యాన్ని భద్రపరచడం. సూది లేదు, మత్తు లేదు, ఆపరేషన్ లేదు. వీర్యం ఇవ్వాలి, అంతే. వీలైతే రెండు మూడు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు ఇస్తే మంచిది. వ్యవధి లేకపోతే ఒక్కసారి ఇచ్చినా ఉపయోగమే. ఎందుకంటే 1992 నుంచి ఇక్సీ అనే పద్ధతి వచ్చింది. ఒక అండంలోకి ఒకే ఒక వీర్యకణాన్ని సూదితో పంపుతారు. అంచేత కణాలు తక్కువగా ఉన్నాయని నిరాశ పడనక్కరలేదు. వృషణాల క్యాన్సర్‌లోను, హాడ్జ్‌కిన్ లింఫోమాలోను చికిత్సకు ముందే కణాలు తక్కువగా ఉండటం మామూలే.

ఒక్క షరతు మాత్రం గట్టిది. కీమో మొదటి మోతాదుకు ముందే ఇవ్వాలి. మందు ఎక్కిన తరువాత తయారయ్యే కణాల్లో జన్యువులు దెబ్బతిని ఉండే అవకాశం ఉంది కనుక వాటిని నిల్వ చేయడం మంచిది కాదు.

ఇక్కడ అడ్డుపడేది వైద్యం కాదు, సిగ్గు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాడిని తల్లిదండ్రుల ముందు ఈ మాట అడిగితే తల దించుకుని "వద్దు" అంటాడు. మీరు చేయవలసిన సాయం ఒకటే. కాసేపు బయటికి వెళ్లండి. డాక్టరునో, మగ నర్సునో, కౌన్సెలరునో అతనితో ఒంటరిగా మాట్లాడనివ్వండి. తండ్రికన్నా మేనమామో, బావో, అన్నో చెబితే వినే ఇళ్లు ఉంటాయి. మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో మీకే తెలుసు.

గడ్డకట్టిస్తే బతికి ఉంటాయా?

ఈ అనుమానం అందరికీ వస్తుంది. పల్లె నుంచి వచ్చినవారికి నేను గేదెల సంగతి గుర్తుచేస్తాను. గోపాలమిత్ర తెచ్చే పొగలు కక్కే డబ్బా మీరు చూసే ఉంటారు. మేలు జాతి దున్న వీర్యం అందులోనే ఉంటుంది. దానితోనే మీ ఇంటి దూడ పుట్టి ఉంటుంది. మనుషులకూ అదే సూత్రం. ఆ డబ్బాలో ఉండేది ద్రవ నత్రజని. దాని చల్లదనం మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. 2021 ఏప్రిల్‌లో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు మన విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు వెళ్లిన సంగతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. గాలిని అతి చల్లగా చేసి, ద్రవంగా మార్చి ఆక్సిజన్‌ను వేరు చేస్తారు. ద్రవ నత్రజనిని కూడా అలాగే గాలి నుంచి తీస్తారు.

అంత చల్లదనంలో కణంలోని జీవక్రియలన్నీ ఆగిపోతాయి. ముసలితనం రాదు, కుళ్లు రాదు. ఇరవై ఏళ్లకు పైగా నిల్వ ఉంచిన వీర్యంతో ఆరోగ్యవంతులైన బిడ్డలు పుట్టిన దాఖలాలు ఉన్నాయి. అండం విషయంలో మాత్రం చాలాకాలం ఇబ్బంది ఉండేది. అండంలో నీరు ఎక్కువ. మెల్లగా గడ్డకడితే లోపల మంచు పలుకులు ఏర్పడి అండం పగిలిపోయేది. ఇప్పుడు క్షణాల్లో గడ్డకట్టించే పద్ధతి వచ్చాక పలుకులు ఏర్పడే వ్యవధే ఉండదు.

ఇది నిన్న మొన్నటి ప్రయోగం కాదు. గడ్డకట్టించిన వీర్యంతో 1953లోనే అమెరికాలో స్త్రీలు గర్భం దాల్చారు. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా దుర్గ అనే పాప పుట్టింది. మన దేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ ఆమె. గడ్డకట్టించి నిల్వ ఉంచిన పిండం నుంచే ఆమె పుట్టింది. ఆనాడు ఆయన మాట ఎవరూ నమ్మలేదు. 1981లో ఆయన కన్నుమూశారు. గుర్తింపు ఆ తరువాత ఎన్నో ఏళ్లకు వచ్చింది. నిల్వచేసిన అండం నుంచి మొదటి కాన్పు 1986లో ఆస్ట్రేలియాలో జరిగింది.

మన ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసేవారికి నేను ఇంకొక మాట కూడా చెబుతాను. చేప తాజాగా ఉన్నప్పుడే ఐసు వేయాలి. పాడయ్యాక ఎంత ఐసు వేసినా లాభం లేదు. ఇక్కడా అంతే. చికిత్సకు ముందు భద్రపరిచినదే పనికి వస్తుంది.

ఆడవారికి రెండు వారాల పని

స్త్రీలకు ఉన్న మార్గాలు ఇవి.

అండాలను నిల్వ చేయడం. పది నుంచి పద్నాలుగు రోజులు రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఒకేసారి ఎక్కువ అండాలు పక్వమయ్యేలా చేస్తారు. స్కానింగు చేస్తూ చూసి, కొద్దిపాటి మత్తు ఇచ్చి సన్నని సూదితో అండాలను బయటికి తీస్తారు. పూర్వం నెలసరి వచ్చేదాకా ఆగవలసి వచ్చేది. ఇప్పుడు ఏ రోజునైనా మొదలుపెట్టవచ్చు. హార్మోన్లతో పెరిగే రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి లెట్రోజోల్ మాత్ర కలిపి ఇచ్చి ఈస్ట్రోజన్ పెరగకుండా చూస్తారు. తీసిన అండాలన్నీ బిడ్డలు కావు. అది వయసు మీద, అండాల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. ఎవరైనా "గ్యారంటీ" అంటే నమ్మకండి.

పిండాలను నిల్వ చేయడం. పెళ్లయినవారు అండాన్ని భర్త వీర్యంతో కలిపి పిండంగా మార్చి నిల్వ చేసుకోవచ్చు. ఒక తేడా మనసులో పెట్టుకోండి. అండం ఆ స్త్రీ ఒక్కదానిది. పిండం భార్యాభర్తలిద్దరిదీ. రేపు ఇద్దరి మధ్య ఏదైనా వస్తే దాన్ని వాడుకోవడానికి ఇద్దరి సమ్మతి కావాలి. విశ్వాసం ఉన్న కుటుంబాలకు ఇక్కడ మరొక ప్రశ్న కూడా వస్తుంది. క్యాథలిక్ సంఘం ప్రయోగశాలలో పిండాలను తయారుచేయడాన్ని, నిల్వ చేయడాన్ని అంగీకరించదు. మరికొన్ని సంఘాలు దీన్ని దంపతుల మనస్సాక్షికి వదిలేస్తాయి. మీ పెద్దలతో మాట్లాడుకోండి. నిర్ణయం మీది. తెలియజేయడం మా బాధ్యత.

అండాశయపు ముక్కను నిల్వ చేయడం. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి లాప్రోస్కోపీ ద్వారా అండాశయ కణజాలం తీసి గడ్డకట్టిస్తారు. జబ్బు నయమయ్యాక తిరిగి అమరుస్తారు. 1997లో చికిత్సకు ముందు ఇలా దాచుకున్న హాడ్జ్‌కిన్ లింఫోమా రోగికి 2004లో బెల్జియంలో బిడ్డ పుట్టింది. ఇంజెక్షన్లకు వ్యవధి లేనివారికి, ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్లలకు ఇదే దారి. బ్లడ్ క్యాన్సర్ ఉన్నవారికి మాత్రం ఆ ముక్కతోపాటు క్యాన్సర్ కణాలు కూడా తిరిగి వెళ్లే భయం ఉంది కనుక జాగ్రత్త అవసరం. ఈ సదుపాయం ఉన్న కేంద్రాలు దేశంలో తక్కువ.

అండాశయాలను పక్కకు జరపడం. పొత్తికడుపుకు రేడియేషన్ ఇవ్వవలసి వస్తే, ముందుగా చిన్న ఆపరేషన్‌తో అండాశయాలను కిరణాల దారి నుంచి పైకి జరిపి కుట్టి ఉంచుతారు.

నెలకొక ఇంజెక్షన్. గోసెరెలిన్ వంటి మందును కీమోకు ముందు మొదలుపెట్టి నెలనెలా ఇస్తే అండాశయాలు నిద్రలోకి వెళ్తాయి. రొమ్ము క్యాన్సర్ ఉన్న యువతులకు ఇది కొంత రక్షణ ఇస్తుందని 2015లో వెలువడిన అధ్యయనం చూపింది. అయితే ఇది తోడుగా పనికి వస్తుంది గాని, అండాలు దాచుకోవడానికి బదులు కాదు.

అవయవాన్ని కాపాడే ఆపరేషన్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉంటే కొందరికి గర్భసంచి ఉంచి ముఖద్వారం మాత్రమే తీయవచ్చు. కొన్ని రకాల అండాశయ గడ్డల్లో జబ్బు ఉన్న వైపు మాత్రమే తీసి రెండో వైపు ఉంచవచ్చు. ఇవి అందరికీ కుదరవు. అడిగి తెలుసుకోవాలి.

చిన్న పిల్లల సంగతి

పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్ నేడు చాలావరకు నయమయ్యే జబ్బు. ఆరేళ్ల పాప మంచం పక్కన కూర్చుని ఆమె కాన్పు గురించి ఆలోచించడం మీకు వింతగా తోచవచ్చు. కాని ఆ పాప బతుకుతుంది, పెరుగుతుంది, ఇరవై అయిదేళ్లు వస్తాయి. యుక్తవయసు రాని మగపిల్లల్లో ఇంకా వీర్యకణాలు ఉండవు. వారి వృషణపు కణజాలాన్ని దాచే పద్ధతి ఇంకా పరిశోధన దశలోనే ఉంది. చాలామంది పిల్లలకు ఇచ్చే మందుల్లో సంతానానికి ప్రమాదం తక్కువ. ఏదీ చేయలేకపోయినా, వాడిన మందుల పేర్లు, మొత్తం మోతాదులు రాసిన డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా పెట్టెలో దాచండి. పదిహేనేళ్ల తరువాత ఆ కాగితమే మాట్లాడుతుంది.

మన దగ్గర ఎందుకు జరగడం లేదు?

విదేశాల్లో క్యాన్సర్ డాక్టర్లు చికిత్సకు ముందే ఈ విషయం రోగితో మాట్లాడాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన వంటి దేశాల్లో కష్టాలు వేరు. రోగి ఆలస్యంగా వస్తాడు. ఒక వారం ఆగుదామంటే వ్యవధి ఉండదు. కేజీహెచ్‌కు గాని, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గాని శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా కొండల నుంచి జనం వస్తారు. తెల్లవారుజామున బండెక్కి వచ్చి, ఓపీ చీటీ తీసుకుని, వరసలో నిలబడి, సాయంత్రం బండికి తిరిగి వెళ్లాలి. డాక్టరు ముందు కూర్చునే ఆ కొద్ది నిమిషాల్లో మూడో ప్రశ్నకు చోటు ఉండదు. దానికి తోడు ఖర్చు, సిగ్గు. "పెళ్లీ పెటాకులూ లేని పిల్ల, ఆ మాట బయటికి పొక్కితే సంబంధాలు వస్తాయా సిస్టరమ్మా?" అని తల్లులు నా చెవిలో అడుగుతారు.

మూడో ప్రశ్న మీరే అడగాలని నేను చెప్పేది అందుకే. డాక్టరు మంచివారు కాక కాదు. వారి ముందు ఇంకా నలభై మంది ఉన్నారు. మీకు మాత్రం మీ మనిషి ఒక్కరే.

ఖర్చు, చట్టం

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం క్యాన్సర్ చికిత్సకు పెద్ద ఆసరా. బీజాలను భద్రపరచే ఖర్చు మాత్రం సాధారణంగా కుటుంబమే పెట్టుకోవలసి వస్తోంది. ముందుగా ఆరోగ్యమిత్రను అడిగి చూడండి. వీర్యం నిల్వకు వేలల్లో అవుతుంది. అండాల నిల్వకు ఇంజెక్షన్లతో కలిపి లక్ష రూపాయలు, అంతకు మించి కూడా కావచ్చు. పైగా ఏటా నిల్వ రుసుము ఉంటుంది. అది కట్టడం మరచిపోయినా, ఫోను నంబరు, చిరునామా మారి కేంద్రానికి చెప్పకపోయినా ఇబ్బంది పడతారు. అప్పు చేసి అండాలు దాచి, ఆ తరువాత కీమోకు డబ్బు లేక చికిత్స మధ్యలో ఆపే పరిస్థితి ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. ప్రాణం ముందు. ఈ లెక్క ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే వేసుకోండి.

2021లో పార్లమెంటు సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం చేసింది. ఇలాంటి కేంద్రాలు, బ్యాంకులు అన్నీ ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. నమోదు పత్రం చూపమని అడిగే హక్కు మీకు ఉంది. ఈ సేవలు స్త్రీకి 21 దాటి 50 లోపు, పురుషునికి 21 దాటి 55 లోపు అని చట్టం చెబుతోంది. మీ బిడ్డకు 21 నిండకపోతే, నిల్వకు ఏది అనుమతిస్తారో కేంద్రంలో ముందుగానే అడిగి రాయించుకోండి. బస్టాండు గోడల మీద "సంతానం గ్యారంటీ" అని రాసిన చోటికి మాత్రం వెళ్లకండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

"దీనికోసం ఆగితే జబ్బు ముదరదా?" వీర్యం నిల్వకు ఆగవలసింది ఒకటి రెండు రోజులే. అండాల నిల్వకు రెండు వారాలు. రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్‌కూ కీమోకూ మధ్య ఉండే వ్యవధి సాధారణంగా ఇందుకు సరిపోతుంది. ఉధృతంగా ఉన్న బ్లడ్ క్యాన్సర్‌లో అంత ఆగలేం. ఆగవచ్చో లేదో చెప్పవలసింది క్యాన్సర్ డాక్టరే. ఆయన వద్దంటే వద్దు.

"పుట్టే బిడ్డకు క్యాన్సర్ వస్తుందా?" ఎక్కువ క్యాన్సర్లు అలా సంక్రమించవు. చికిత్స ముగించుకున్నవారికి పుట్టిన బిడ్డల్లో అవకరాలు ఎక్కువగా కనబడలేదు. తల్లికి, పిన్నికి, అమ్మమ్మకు వరసగా రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చిన కుటుంబాల్లో మాత్రం జన్యు పరీక్ష గురించి అడగాలి.

"గర్భం వస్తే జబ్బు తిరగబెడుతుందా?" రొమ్ము క్యాన్సర్ నయమైన తరువాత గర్భం దాల్చడం వల్ల జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరగదని అధ్యయనాలు చెబుతున్నాయి. ఐదు నుంచి పదేళ్లు హార్మోన్ మాత్రలు వాడవలసినవారు కూడా ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు వాడాక, డాక్టరు పర్యవేక్షణలో కొంతకాలం ఆపి బిడ్డను కనవచ్చని 2023లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ధైర్యం ఇచ్చింది. కాని ఆ మాత్రలు సొంతంగా మాత్రం ఆపకండి.

"కీమోలో నెలసరి ఆగిపోయింది, ఇక గర్భం రాదు కదా?" వస్తుంది. నెలసరి ఆగినా అండం విడుదల కావచ్చు. చికిత్స జరుగుతున్నంతకాలం గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి. కండోమ్ మేలు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు గర్భనిరోధక హార్మోన్ మాత్రలు వాడకూడదు.

"చికిత్స అయ్యాక ఎంతకాలం ఆగాలి?" జబ్బును బట్టి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఆగమంటారు. ఆ లోపు స్త్రీకి ఏఎంహెచ్ రక్త పరీక్ష, పురుషునికి వీర్య పరీక్ష చేయించి పరిస్థితి తెలుసుకోవచ్చు. చాలామందికి దాచుకున్న దానితో పని పడకుండానే సహజంగా బిడ్డలు పుడతారు.

పెళ్లి మాటల దగ్గర

జబ్బు నయమైన అమ్మాయికి, అబ్బాయికి సంబంధం చూసేటప్పుడు చాలా ఇళ్లలో జబ్బు సంగతే దాచేస్తారు. దాచినది ఏదో ఒక రోజు బయటపడుతుంది. అప్పుడు పడే మాటలు పడేది మీరు కాదు, మీ బిడ్డ. పిల్లలు పుట్టకపోతే నింద మొదట కోడలి మీదే పడుతుంది, లోపం కొడుకులో ఉన్నా సరే. ముందే చెప్పి, "మా అబ్బాయి వీర్యం భద్రపరిచి ఉంది" అని కాగితం చూపగలిగితే ఆ మాటకు బలం ఉంటుంది. అసలు బీజాలు దాచే పనిలో సగం ప్రయోజనం ఇదేనని నా అనుభవం. కీమో కుర్చీలో కూర్చున్న మనిషికి, తనకు రేపు అన్నది ఒకటుందని ఇంటివాళ్లు నమ్ముతున్నారన్న ధైర్యం వస్తుంది.

కుదరని వారికి

అన్నీ చేసినా కుదరనివారు ఉంటారు. వ్యవధి లేక, డబ్బు లేక, వయసు దాటి, లేదా నాకు తారసపడిన ఆ కుర్రాడిలా ఎవరూ చెప్పక. వారికి ఒక మాట. పిల్లలు లేకపోవడం పాపఫలం కాదు, శిక్ష కాదు. చిన్న వయసులోనే నెలసరి ఆగిపోయిన అమ్మాయికి ఎముకలు బలహీనపడతాయి, ఒళ్లు ఆవిర్లు వస్తాయి. పిల్లల సంగతి పక్కన పెట్టినా, దానికి వైద్యం చేయించాలి. దత్తత తీసుకోదలచినవారు కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా చట్టబద్ధంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రాణాపాయమైన జబ్బు లేదని డాక్టరు ధ్రువపత్రం కావాలి. క్యాన్సర్ నయమైనవారు ఆ ధ్రువపత్రం గురించి తమ డాక్టరుతో మాట్లాడాలి. ఆసుపత్రి వెనుక దారిన ఎవరో బిడ్డను తెచ్చి ఇస్తామంటే ఆ జోలికి పోకండి. అది నేరం.

నేను చెప్పిన ఆ దంపతులు కొన్నేళ్ల తరువాత ఒక పాపను దత్తత తీసుకున్నారు. పాపకు మా వార్డు చూపించడానికి తీసుకువచ్చారు. నేను సంతోషించాను. అయినా అతను అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఈ కాగితం చేతిలో పట్టుకుని డాక్టరును అడగండి

1. ఇస్తున్న మందుల వల్ల, రేడియేషన్ వల్ల సంతానానికి ప్రమాదం ఎక్కువా, తక్కువా?
2. చికిత్స మొదలుపెట్టడానికి ఎన్ని రోజులు ఆగవచ్చు? అసలు ఆగవచ్చా?
3. ఇంతే బాగా పనిచేసే, ప్రమాదం తక్కువున్న వేరే మందులు ఉన్నాయా?
4. ఆపరేషన్‌లో ఏ అవయవాన్నైనా కాపాడే వీలు ఉందా?
5. బీజాలు భద్రపరచడానికి ఏ కేంద్రానికి వెళ్లాలి? ఉత్తరం రాసి ఇస్తారా?
6. చికిత్స తరువాత ఎప్పుడు, ఏ పరీక్ష చేయించాలి?

డాక్టరుగారిని అడగడానికి మొహమాటమైతే నర్సును అడగండి. ఏ వార్డులోనైనా సరే, "సిస్టర్, ఒక్క నిమిషం పక్కకు వస్తారా" అనండి చాలు. వస్తాం. సెలైన్ ఎక్కించడానికి పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ మాట మాత్రం ముందే జరగాలి.